చప్పుడు లేని జెనరేటర్

ఎల్డన్ జెనరేటర్‌ని బండి పక్క అరలోంచి కిందికి దించిన రోజే లవోన్‌కి అనుమానం మొదలైంది.

ఆ మోటర్‌హోమ్ తప్ప వాళ్లకు వేరే ఇల్లు లేదు. ఉద్యోగాలు మానేసిన దగ్గర్నుంచీ అందులోనే కాపురం, చలికాలమంతా అమెరికాలోని అరిజోనా ఎడారిలో, ఇలాంటి బండ్లు ఆగే ఈ విడిదిలోనే. అన్నాళ్లూ ఆ జెనరేటర్ మంచం కింద దడదడలాడుతూనే ఉంది. "గురక పెట్టే ముసలి కుక్కనుకో" అని నవ్వేసేవాడు ఎల్డన్. అలాంటివాడు ఇప్పుడు దాన్ని పాత కంబళి మీద పెట్టుకుని పళ్లు తోమే బ్రష్షుతో సందుసందునా తోముతున్నాడు.

విడిదిలో ఎవరినడిగినా చెబుతారు. బండిలో ఉండదలచుకున్నవాళ్లు జెనరేటర్‌ని తిట్టుకుంటూ వాడుకుంటారు. దాన్ని బాగుచేసి రంగు కూడా వేశారంటే బండి అమ్మకానికి పెట్టినట్టే.

"ఏంటి తల్లీ, మీ ఆయన దాన్ని పెళ్లికూతుర్ని చేస్తున్నాడు?" అంది పక్క బండి మార్జ్, మడతకుర్చీలోంచి లేవకుండానే. "పెళ్లికొడుకెవరు?"

"నాకేం తెలుసు, నాకేమైనా చెబుతాడా?" అంది లవోన్. నవ్వుతూనే అంది కానీ కళ్లు కంబళి మీదే ఉన్నాయి.

పోయిన వేసవిలో టూసాన్ నగరంలో ఎల్డన్ తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు ఎల్డన్ అక్కడి అపార్టుమెంట్లను తెగ మెచ్చుకున్నాడు. పొడుగాటి వసారాలో ఒకే రంగు తలుపులు బారుగా ఉన్నాయి. తమ్ముడి తలుపేదో తెలియక లవోన్ రెండుసార్లు పరాయివాళ్ల గంట కొట్టింది. అలాంటి చోట తన చివరి రోజులు గడపాలన్న ఊహకే ఆమెకు ఊపిరాడేది కాదు.

ఎల్డన్ కార్బురేటర్ విప్పి, పాత పెట్రోలు జిగురులా పేరుకున్న సన్నటి రంధ్రాలను శుభ్రం చేశాడు. లోపల కరెంటు అందించే, అరిగిపోయిన కార్బన్ బ్రష్షులు మార్చాడు. కాళ్ల కింద కొత్త రబ్బరు దిమ్మలు వేశాడు. తరువాత అర సంగతి పట్టుకున్నాడు. నూనె పీల్చుకుని పొడిపొడిగా రాలుతున్న పాత స్పాంజిని గీకేసి, గోడలకు బరువైన రబ్బరు షీటు అంటించి, దాని మీద వెండిరేకు తొడిగిన, చప్పుడు పీల్చే రాతి ఉన్ని పలకలు బిగించాడు. గాలి వచ్చే దారిని మాత్రం మూయకుండా రెండు వంపులు తిప్పాడు. గాలి ఆ మలుపుల్లోంచి వస్తుంది, చప్పుడు మాత్రం వాటికే కొట్టుకుని నీరసించిపోతుంది.

ఒక్కో పలక బిగించినప్పుడల్లా మోటారు ఆన్ చేసి ఆమెను పిలిచేవాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"నీ చెవులేమయ్యాయి?"

"నీ నోట వినాలని."

అడిగేటప్పుడు జెనరేటర్ వైపు చూడడు, ఆమె ముఖంలోకే చూస్తాడు. బేరం కుదుర్చుకునేవాడు ఎదుటివాడి ముఖంలో ధర వెతికినట్టుంది ఆ చూపు.

"ఇదంతా ఎవరికోసం ఎల్డన్?" అని అతని వీపు వెనక నుంచి అడిగింది ఒకరోజు. అతను పలకలేదు. స్పానర్ తిప్పుకుంటూనే ఉన్నాడు. తప్పించుకుంటున్నాడు, అనుకుంది.

ఈమధ్య ఫోనులో మాట్లాడటం కూడా మానేశాడు. అన్నీ టైపు చేసి పంపుతాడు, ఆమె దగ్గరకొస్తే ఫోను బోర్లా పెడతాడు.

ఆ ఉదయం మార్జ్ వచ్చి, "కొళాయి దగ్గర గార్త్ అని ఒకతను అడిగాడే. 'చప్పుడు చేయని జెనరేటరున్న బండి మీ వరసలోదేనా' అని. పదింటికి బండి చూసుకోవడానికి వస్తాడట" అంది.

ఎల్డన్ నీళ్ల డబ్బాలు నింపుకురావడానికి వెళ్లాడు. లవోన్ అర తలుపు తెరిచింది. సైలెన్సర్ మీద వేడి ఆపడానికి తొడిగిన రేకుకు రెండు బోల్టులున్నాయి. రెంటినీ ఊడేంత దాకా వదులు చేసి, తలుపు మూసి, చేతులు కడుక్కుని వంటకు కూర్చుంది. ఉల్లిపాయ తరుగుతుంటే కళ్లనీళ్లు రావడానికి సాకు దొరికింది.

గార్త్ గడ్డి టోపీ పెట్టుకుని వచ్చాడు. లవోన్ కూడా బయటికొచ్చి నిలబడింది. "మోటారు పెట్టి చూపిస్తారా?"

"చూడండి మరి!" అని ఎల్డన్ బటన్ నొక్కాడు.

రేకు దడదడ కొట్టుకుంది. డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు ఒకటే మోత. నాలుగు బండ్ల అవతల కుక్క మొరిగింది. మార్జ్ కాఫీ ఒలకబోసుకుంది.

ఎల్డన్ జేబుల్లో చేతులు పెట్టుకుని, వెలిగిపోతున్న ముఖంతో గార్త్‌ను చూశాడు. "ఏమండీ, అసలు నడుస్తోందో లేదో కూడా తెలియట్లేదు కదూ?"

గార్త్ నోరు తెరిచి, లవోన్ వైపు చూశాడు. ఎల్డన్ అతని ముఖం చూశాడు, తరువాత ఆమె ముఖం. చిరునవ్వు నెమ్మదిగా దిగిపోయింది. వంగి అర తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఆ అదురు చేతికి తెలిసింది.

లవోన్ మోటారు ఆపేసింది.

"నేను మళ్లీ వస్తానండీ" అని గార్త్ అక్కడినుంచి మెల్లగా తప్పుకున్నాడు.

ఆమె ఎల్డన్ ఎదురుగా నిలబడి, "ఎప్పటినుంచి?" అంది.

"రెండేళ్లు. సన్న చప్పుళ్లు ముందే పోయాయి. పోయిన వసంతంలో ఆ లారీ హారన్ కొట్టుకుంటూ పక్కకొచ్చింది చూడు, నాకు వినపడలేదు. నువ్వు అరుస్తుంటే నీ నోరు కదలడం చూసి బండి పక్కకు తిప్పాను." తలుపు మీది చెయ్యి తీసి, "ఇంకోసారి అలా జరిగితే? నీకు చెబితే భయపడతావు. అందుకే అమ్మేద్దామనుకున్నా" అన్నాడు.

"నా ఇల్లు నాకు చెప్పకుండా అమ్ముతావా!"

ఎల్డన్ అర తలుపు తెరిచి, వేలాడుతున్న రేకును చూశాడు. "ఆ బోల్టులు రెండుసార్లు బిగించాను. ఎలా ఊడాయి?"

"నేనే ఊడదీశాను."

ఎల్డన్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "దొంగముండా" అన్నాడు. అందులో కోపం కన్నా మెచ్చుకోలే ఎక్కువుంది.

"తాళాలివ్వు. ముందు పట్నంలో చెవుల డాక్టరు. ఇక నుంచి నేను నడుపుతాను."

"ఇంత బండి నువ్వెప్పుడైనా నడిపావా?"

"నువ్వెప్పుడైనా నడపనిచ్చావా?"

బోల్టులు బిగించి, సామాను సర్దుకుని ఎక్కారు. ఎల్డన్ మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. బెల్టు ఎటునుంచి లాగాలో అతనికి తెలియలేదు. బండి కదలగానే రెండు చేతులతో ముందున్న డాష్‌బోర్డును పట్టుకున్నాడు.

"అద్దంలో చూస్తున్నావా? ఆ ముళ్లపొద! చూస్తున్నావా?"

"చూస్తున్నా" అంది రోడ్డు మీదే కళ్లుంచి.

"లవోన్, చూస్తున్నావా లేదా?"

ఆమె బండి ఆపింది. అతని వైపు పూర్తిగా తిరిగి, అతనికి తన పెదవులు కనిపించేలా నింపాదిగా, "చూస్తున్నాను" అంది. అతను తలూపాక, మళ్లీ గేరు వేసింది.