కూనిరాగం కింద పేరు

ఐర్లండ్‌లోని ములింగార్‌లో వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసే మంగతాయారుకు సోల్ అనే ఇంగ్లీషు పాటల పిచ్చి అంటించింది తోటి ఉద్యోగి అబిగేయిల్. ఇద్దరూ ఒకే కారులో డ్యూటీకి వెళ్ళేవారు. గుండె పిండినట్టుండే ఆ పాటలు విని విని, ఒక సాయంత్రం భర్త డబ్లిన్ నుంచి బస్సులో రావడం ఆలస్యమైతే, మంగతాయారు తెలుగులో తనే ఒకటి కట్టుకుంది. ఆదివారాలు వాళ్ళింట్లో భోంచేసే మెయ్‌నూత్ యూనివర్సిటీ విద్యార్థి మహీధర్ దాన్ని ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. మ్యూజిక్ కలిపి తెస్తానన్నాడు.

పాట అతని పేరుతో బయటికొచ్చింది. డబ్లిన్ ట్రాము లువాస్‌లో ఎదురుగా కూర్చున్న అమ్మాయిని చూసి రాశానని చెప్పుకున్నాడు. తర్వాత గాల్వేలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు గిటార్‌తో పాడారు. హైదరాబాదులో ఎవరో పెళ్ళి వీడియోకి నెమ్మది చేసి పెట్టారు. ఒకాయన వేణువు మీదే వాయించేశాడు. ఎవరెలా పాడినా, 'ఆరదీ ఆర్తి' అన్న మాట తర్వాత మాత్రం అందరూ కూనిరాగమే తీశారు. పాటకు ప్రాణం ఆ హమ్మింగేనని మహీధర్ ఇంటర్వ్యూల్లో వివరించేవాడు.

అది వింటే మంగతాయారుకు ఒళ్ళు మండిపోయేది. అక్కడున్నది భర్త పేరు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ పేరు పైకి పలకలేదు. మహీధర్ ముందు పలకలేకే ఆ రోజు రికార్డింగులో నోరు మూసి రాగం తీసింది.

ఫోన్ చేసి అడిగితే అతను నవ్వాడు. "మీరు రాశారనడానికి ప్రూఫ్ ఏముంది ఆంటీ? లైట్ తీసుకోండి."

పోనీలే, దేవుడే చూసుకుంటాడన్నాడు భర్త. ఆ పాట తన కోసమేనని ఆయనకూ తెలియదు. దేవుడు చూసుకునేదాకా తను ఎందుకాగాలో మంగతాయారుకు అర్థం కాలేదు. ప్రతి శుక్రవారం అమ్మవారి వెయ్యి నామాలు చదివే నోరు ఒక్క పేరు పలికితే పాపమా? నెల రోజులు ఆలోచించింది. పాపమైతే తర్వాత చూసుకుందామనుకుంది.

గాల్వేలో తెలుగువాళ్ళ సభకు మహీధర్‌ను పిలిచారు. పాట పుట్టిన కథ చెప్పి, ఎవరెవరు ఎలా పాడారో తెర మీద చూపించాడు. చప్పట్లయ్యాక ప్రశ్నలడగమన్నారు. మంగతాయారు లేచి మైకు అందుకుంది.

"ఆర్తి తర్వాత మాటలేంటి నాయనా?"

"మాటల్లేవు ఆంటీ. ఓన్లీ ఫీలింగ్."

"ఉన్నాయి."

కళ్ళు మూసుకుని పాడింది. "ఊరంతా సద్దుమణిగినా ఆరదీ ఆర్తి... మూడో బస్సూ వెళ్ళిపోయింది, కృష్ణమూర్తీ."

మాటలు రాగంలో సరిగ్గా కూర్చున్నాయి. ములింగార్ నుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మూడో వరసకు తిరిగి చూశారు. అక్కడ కృష్ణమూర్తి చెవులదాకా ఎర్రబడి, తలదించుకుని కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో, ఆ అమ్మాయి లువాస్ ఎక్కలేదా తమ్ముడూ, బస్సెక్కిందా అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. మహీధర్ మైకు నోటిదాకా తెచ్చి, దించేశాడు.

సభయ్యాక కారు దగ్గర అతను ఆమెను ఆపాడు. తప్పయిపోయిందన్నాడు. ఆమె పేరు వేస్తానని, ఆ లైను కలిపి మళ్ళీ పాడతానని, ఒక్కసారి ఒప్పుకోమని బతిమాలాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"నా పేరు వెయ్, ఈ రాత్రికే. ఆ లైను మాత్రం ఇవ్వను. మా ఆయన పేరు నీ నోట రాకూడదు. బతికినన్నాళ్ళూ అక్కడ మూలుగుతూనే పాడు. ఎందుకు మూలుగుతున్నావో ఇక అందరికీ తెలుసు."

ఇంటికొచ్చాక మంగతాయారు కాళ్ళు కడుక్కుని దీపం పెట్టింది. దణ్ణం పెట్టుకుంది గానీ, క్షమించమని మాత్రం అడగలేదు.