మా పైకప్పు కారుతోంది

బల్గేరియాలో ఆ చిన్న ఊరి చిత్రశాలకు వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ నెద్యాల్కా చేతిమీదుగానే నడుస్తాయి. ఇరవై రెండేళ్లుగా పద్ధతి ఒకటే: నిరుటి ఉత్తరం తీయడం, తేదీ మార్చడం, మళ్లీ టైపు కొట్టడం. కొత్త వాక్యం రాస్తే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. పాత వాక్యాన్ని ఎవరూ ఏమీ అనరు.

1987 మార్చిలో స్టామెన్ ముసలాయన కర్ర తాటించుకుంటూ వచ్చాడు. ఆయన భార్య మిల్కానాకు పంతొమ్మిదేళ్లున్నప్పుడు ఊరి చిత్రకారుడొకడు ఆమె బొమ్మ గీశాడు. చిత్రశాలకు చెందిన ఆ బొమ్మను రాజధాని మ్యూజియం ప్రదర్శనకని అరువు తీసుకెళ్లి పధ్నాలుగేళ్లైంది. ఈలోగా మిల్కానా పోయింది. ఇంట్లో ఫోటోలన్నీ వరదపాలయ్యాయి.

"ఏమ్మాయ్, మా ఆవిడ ఇంకా పట్నంలోనే షికార్లు కొడుతోందా?"

"కూర్చోండి బాబాయ్. ఏంటి, ఇంత పొద్దున్నే?"

"చెర్రీలు పండేదాకేనట నా చూపు. డాక్టరు చెప్పేశాడు. ఈలోగా ఒక్కసారి దాని మొహం చూడాలి. బస్సెక్కి నేనే పోతాలే. ఏ గోడకు తగిలించారో కనుక్కో, చాలు."

నెద్యాల్కా ఫైలు విప్పింది. రాజధాని నుంచి ఏటా ఒకటే ప్రశ్న: బొమ్మ పంపమంటారా? ఇక్కణ్నుంచి ఏటా ఒకటే జవాబు: మా పైకప్పు కారుతోంది, దయచేసి మీ దగ్గరే ఉంచండి. కింద ఆమె పొడి సంతకం. కప్పు బాగుచేయించి తొమ్మిదేళ్లైంది. పెంకులెక్కించినవాళ్లకు కాఫీ కాచి పోసింది కూడా తనే. అయినా తొమ్మిదిసార్లు కారుతోందనే కొట్టింది.

అన్నిటికన్నా పైన కిందటి నెల ఉత్తరం ఉంది. మీ కప్పు ఇంకా కారుతోంది గనుక బొమ్మను విదేశాల్లో ప్రదర్శనలకు పంపాం, మూడేళ్లకు తిరిగొస్తుంది అని.

"పలకవేం? ఎవడితోనన్నా లేచిపోయిందా ఏంటి?"

"తప్పు నాది బాబాయ్" అంటూ ఆమె ఉన్నదంతా చెప్పేసింది.

ముసలాయన కర్రను బల్లకు ఆనించి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

ఆయన ఫైలు వైపు చూస్తూ అడిగాడు. "ఆ కాగితాల్లో దాని గురించి ఏమన్నా రాశారా?"

"రాశారు. పంపేముందు బొమ్మ ఎలా ఉందో రాసిపెడతారు."

"చదువు."

"నీలం తలగుడ్డ. చెవి పక్కన రంగు కొంచెం పగిలింది. చూపు పక్కకు..."

"కిటికీ అవతల నేను నిలబడ్డానుగా! ఎటు చూస్తుంది మరి?"

"ఎడమ చెంపమీద, కంటి కింద, నల్లటి మరక..."

"మరకేంటి వాళ్ల బొంద! పుట్టుమచ్చ అది!" ముసలాయన ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే చేతిగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. "రాయవే అమ్మాయ్, దాన్ని ముట్టుకోవద్దని. ఇవాళే రాసెయ్."

కాగితంలో ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు. నల్లటి మరకను శుభ్రం చేయగా పూర్తిగా పోయింది అని ఉంది.

నెద్యాల్కా కాగితాన్ని బల్లమీద బోర్లించింది.

"రాస్తాను బాబాయ్."

"చెంప మాత్రం సరిగ్గా రాయి. ఎడమది. ఇదిగో, ఇక్కడ" అంటూ ఆయన తన చెంపమీద వేలు ఆనించి, ఆమె టైపు కొట్టడం అయ్యేదాకా తీయలేదు.