కొంగు మీద పదోతరగతి మెమో

కొల్లాపూర్ బస్టాండు ఎదురుంగ రోజారమణి నెట్ సెంటర్ పొద్దున తొమ్మిదింటికి తెరుస్తది. షట్టర్ ఎత్తుడు, ఊదుబత్తి ముట్టిచ్చుడు, కంప్యూటర్ల నల్ల స్క్రీన్ తెరుసుడు. ఆ నల్లదాంట్ల బొమ్మలుండవు, మౌసు పనికిరాదు, ఏదైనా రాసి చెప్పాల్సిందే. ముందుగాల పింగ్ కొడ్తది. జవాబొస్తే నెట్టు ఉన్నట్టు. రాకుంటే ఐపీకాన్‌ఫిగ్ రిలీజ్, ఎంబడే రిన్యూ. ప్రింటర్ మొరాయిస్తే నెట్ స్టాప్ స్పూలర్ అని పండవెట్టి, నెట్ స్టార్ట్ అని లేపుతది. సగం రోగాలు గీ నాలుగు ముక్కలకే కుదురుతయి, మెకానిక్‌ను పిలుసుడు దండుగ అంటదామె.

ఇగ అట్రిబ్ సంగతి. పెన్‌డ్రైవుల వైరస్ పడి ఫోటోలు మాయమైతే జనం లబోదిబోమంటరు. అవి యాడికీ పోవు, దాగుంటయి అంతే. అట్రిబ్ మైనస్ హెచ్ అని కొట్టి, డ్రైవు అక్షరం పెడితే అన్నీ బయటికొస్తయి. ఇంటి తాళంచెవి తెచ్చి కంప్యూటర్ డబ్బా మీద పెట్టినా అంతే, ఆ ఇల్లు గూడ ఒక డ్రైవై కూసుంటది. పక్క గల్లీ యాదమ్మ ముక్కుపుడక గట్లనే బియ్యం డబ్బాల మీదికి తేలింది. పెన్‌డ్రైవుకు ముప్పై తీసుకుంటది, ఇంటికి ఇరవై. ఇంట్ల వైరస్ ఉండదు గద.

ఒక్కటే చిక్కు. పోగొట్టుకున్నవి రావు. ఇంట్లోల్లు కావాలని దాచినవే వస్తయి. అందుకే తాళంచెవి పట్టుకొని ఆ మెట్లెక్కాలంటే ఎవరికైనా జర జంకే. నేతోల్ల పిల్ల కోమల ఒకనాడు సాయంత్రం ఎక్కి, దిగి, మళ్ల ఎక్కింది.

ఆమెకు సర్కారు టీచర్ కొలువుల లిస్టుల పేరొచ్చింది. తెల్లారి సాయంత్రం ఐదులోపు నాగర్‌కర్నూల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపియ్యాలె. డిగ్రీ ఉన్నది, బీఎడ్ ఉన్నది, పదోతరగతి మెమో లేదు. అది లేకుంటే కొలువు కిందున్నోల్లకు పోతది. నాలుగేండ్లు మగ్గం మీద కూసుంటనే చదివి తెచ్చుకున్న కొలువు. ఇల్లంత బోర్లేసిండ్రు. అమ్మ అండాలు కండెలు చుట్టే రాట్నం పక్కకు నూకి వెతికింది. నాయిన దశరథ మగ్గం గుంటల దిగి చానాసేపు వెతికిండు.

రోజారమణి ఇరవై తీసుకున్నది. తాళంచెవి డబ్బా మీద పెట్టింది, జీ డ్రైవు కనవడ్డది, కొట్టింది. "అయిపోయింది, ఇంటికి పో" అన్నది.

ఇంటికొచ్చేసరికి అమ్మ పోపుడబ్బాల దాచుకున్న నోట్లు మూత మీదున్నయి. డాక్టర్ వద్దన్న నాయిన బీడీకట్ట చూరు నుంచి గడపల పడ్డది. మెమో మాత్రం లేదు. ఇగ అది నిజంగనే పోయిందనుకొని కోమల అన్నం ముట్టలే.

తెల్లారి ఎనిమిదింటికి కొత్తకోట నుంచి లచ్చయ్య ఫోన్ చేసిండు. ఆయన గూడ నేతపనోడే. నేతోల్లు డిజైను అట్టలు ఒకరికొకరు బదులిచ్చుకునుడు మామూలే. బెజ్జాలు కొట్టిన ఆ అట్టల దండ మగ్గం పైన జాకార్డుకు ఎక్కిస్తే, బెజ్జాలు చెప్పినట్టు బొమ్మలు పడ్తయి. దశరథ తన హంసల అట్టలు పదిహేను రోజుల కింద లచ్చయ్యకు పంపిండు.

"బావా, హంసలు పడాల్సిన కాడ కొంగుల నీ బిడ్డ పేరు పడ్తాంది" అన్నడు లచ్చయ్య. "కోమల, తండ్రి దశరథ. తెలుగు పది, గణితం పది. ఇంగ్లీషు కాడికొచ్చిన. ఆపాల్నా, నెయ్యాల్నా?"

స్పీకర్ పెట్టి ఉన్నది. అందరు విన్నరు. దశరథ మగ్గం గుంటల నుంచి పైకొచ్చి అంత ఒప్పుకున్నడు. మెమో ఆ అట్టల నడుమనే ఉన్నది, తనే కుట్టిండు. అట్టలు ఈ ఇంటివే గనుక రోజారమణి కొట్టిన అట్రిబ్ కొత్తకోట దాంక పోయింది. గద్వాల రకం చీరకు ఇద్దరు కావాలె, నడుమ ఒకరు, అవతలి అంచుకు ఒకరు. అవతలి అంచు కోమలది.

"నువ్వు పోతే మగ్గం ఆగుతది బిడ్డా" అన్నడు. "ఒక్క యేడాది ఆగితే చాలనుకున్న. ఇంట్ల ఉంటే నిద్రవడ్తలేదని కొత్తకోటకు పంపిన. నిన్న చెప్దామంటే నోరు రాలే."

కోమలకు ఒళ్లు మండింది. ఆయన మొఖం చూడకుంటనే ఫోన్ అందుకొని, "నెయ్యి మామా, ఆపకు. మెమో మాత్రం జాగ్రత్తగ తీసిపెట్టు" అన్నది. దశరథ అప్పటికే అంగీ తొడుక్కొని, చెప్పులు చేతవట్టుకొని బస్టాండు దిక్కు ఉరుకుతున్నడు.

తల్లీబిడ్డలు మిగిలిన కాయిదాలు పట్టుకొని నాగర్‌కర్నూల్ పోయిండ్రు. పన్నెండైంది, రెండైంది, నాలుగైంది. లోపలికి పోయినోల్లు నవ్వుకుంట బయటికొస్తున్నరు. వనపర్తి కాడ బస్సు చెడిపోయిందని నాయిన ఫోన్ చేసిండు, తర్వాత ఆ ఫోన్ గూడ బందయింది. అండాలు గేటు ఇనుపకడ్డీ వట్టుకొని నిలవడ్డది, ఎవరు కూసోమన్నా కూసోలే.

ఐదుకు పావు తక్కువుందనంగ దశరథ లారీ దిగి ఉరికొచ్చిండు. మెమో నాలుగు మూలల సూది బెజ్జాలున్నయి. ఆఫీసరు దాన్ని తిప్పి చూసి, ఇవేందమ్మా అన్నడు. మగ్గం మీదికి పోయొచ్చింది సార్ అన్నది కోమల. ఆయన నంబరు సరిచూసి, టిక్కు పెట్టి, సంతకం చేసిండు. అంతే. నాలుగేండ్ల కష్టం ఒక్క టిక్కుల ఒడ్డునవడ్డది.

బయట మెట్ల మీద "అమ్మయ్య" అని ముందుగాల అన్నది దశరథనే. దాచిన దినం నుంచి ఆయనకు ముద్ద దిగలేదట. చిన్నపోరని లెక్క ఏడ్సిండు. అది చూసి కోమల కోపం సగం ఆన్నే దిగిపోయింది, మిగిలిన సగం చాయ్ తాగేటప్పుడు పోయింది. ఒంటి అంచు చీరలు నేసుకుంటలే, బతకలేనా అన్నడు దశరథ.

"అవతలి అంచుకు నేను కూసుంట" అన్నది అండాలు.

"నీకొస్తదా?"

"మా తల్లిగారింట్ల పదేండ్లు అవతలి అంచు నాదే. ఇరవయ్యారేండ్ల సంది నువ్వు అడగలే, నేను చెప్పలే. నిన్న రోజారమణి కొట్టిన సంది ఇది నోట్ల ఆగుతలేదు."

కోమలకు రెండూళ్ల అవతల బడి వచ్చింది. మొదటి దినం టిఫిన్ డబ్బా సంచిల పెట్టుకొని గడప దాటుతుంటే లోపల మగ్గం నడుస్తనే ఉన్నది. జర నిమ్మళంగ నెయ్యే, నీ చేతిని అందుకోలేకపోతున్న అని దశరథ బతిమాలుతున్నడు. అండాలు ఆపలే. కోమల బస్సుకు టైమైతున్నదని గబగబ నడిచింది.