పది గడుల పేరు

మురళీమోహన్ ఝాన్సీకి చేసిన అన్యాయాలు రాయాలంటే కాగితాలు చాలవు. విశాఖలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం పెళ్లి కాగానే మాన్పించాడు. మాన్పించినవాడు ఊరుకున్నాడా? శ్రీకాకుళంలో తన పేరున కంప్యూటర్ సెంటర్ తెరిచి, ఆ పనే అరసవల్లి ఇంట్లో, వంటింటి బల్ల మీద, జీతం లేకుండా చేయించుకుంటున్నాడు. ఒక్క లైను రాయడం రానివాణ్ని జనం "మురళీ సారు" అంటారు.

ఒక రోజు ఆమె పెసరట్టు వేస్తుంటే వచ్చాడు.

"ఒసే, ఆ భూముల జాబితాలో పేరు గడి తగ్గించాల. కాయితం దాటి పోతంది."

సర్కారు తరఫున పొలాలు కొలిచే కాంట్రాక్టరు దగ్గర ప్రింటింగు పని పట్టాడు. ఊరూరికీ ముసాయిదా జాబితా, మనిషికో చీటీ. తప్పుంటే గడువులోగా అభ్యంతరం రాసివ్వాలి, లేదంటే అచ్చయిందే ఖాయం. దానికి ప్రోగ్రాం ఝాన్సీ రస్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసింది.

"వెడల్పు తగ్గిస్తే పేరు ఆగదండి, పక్క గడిలోకి తోసుకుపోతాది. ప్రోగ్రాంలో సుక్కెట్టి అంకె ఏస్తేనే అక్కడికి తెగుతాది. గుణింతాలూ పొల్లులూ కూడా లెక్కలోకొస్తాయి."

అతను పేపరు అంచు మీద ఏదో రాసుకున్నాడు. వేలితో లెక్కపెట్టుకున్నాడు.

"పది గుర్తులు సాలు. కొయ్యి."

"ఆడోళ్ల పేర్లు సివర్నుంటాయి కదండీ."

ఆ ఊళ్లలో రాసే పద్ధతే అంత. ముందు మొగుడి పేరు, తర్వాత 'భార్య', ఆ పైన చోటుంటే ఆమె. అత్త నారాయణమ్మ అట్టు తుంచుతూ అందుకుంది. "మొగుడి పేరుంటే సాలదేటే? నీ పేరెందుకు, పులుసులో కరేపాకులాగ, ఏరి పారెయ్యడానికా?"

తల్లీకొడుకులు నవ్వారు. ఝాన్సీ చెయ్యి కడుక్కుని చుక్క పెట్టింది, పది వేసింది. చిన్న కామా తప్పితే ఎర్రటి అక్షరాలతో గోలపెట్టే కంపైలరు, ఆ రోజు కిమ్మనలేదు. మనుషుల పేర్లు నరికెయ్యడం దానికి తప్పు కాదు. గడులన్నీ తీర్చిన ముగ్గులా వచ్చాయి. తననూ అలాగే చక్కగా తీర్చారని ఆమెకు అనిపించింది. ఎక్కడ తెగిందో కనిపించదు, గడి మాత్రం నిండుగా ఉంటుంది.

మూడో రోజు, పిండి కలుపుతున్న చేతికి పెన్ను అందించి, "ఊరికే సంతకమే, మీ ఊరి కాయితం" అన్నాడు. పెట్టింది. పిండి మరక కూడా పడింది.

ఆదివారం అరసవల్లి దర్శనానికి వచ్చిన మరిడమ్మ, పుట్టింటి ఊరామె కదా, ఇటు తిరిగింది. కొంగుముడి విప్పి చీటీ తీసింది.

"సూడమ్మా ఝాన్సమ్మా, ఇందులో నానేదే? నా మొగుడి పేరే ఉన్నాదంట. ఆడు పోయి ఆరేళ్లయినాది. సచ్చినోడొచ్చి దున్నుతాడేటి?"

చీటీ మీద 'ఎల్లాజీ భా' అని ఉంది. మరిడమ్మలో మిగిలింది ఆ 'భా' ఒక్కటే.

"నా సెవులో కమ్మలమ్మి కొన్న బూవమ్మా. ఎవులు కోసీసినారే నన్ను?"

ఝాన్సీ కంప్యూటరు తెరిచి ఆ ఊరి జాబితా తీసింది. ఆడవాళ్ల పేర్లుండాల్సిన చోటల్లా ఏదో ఒక ముక్క వేలాడుతోంది, 'భా' అనో 'భార' అనో. తల్లి లక్ష్మణమ్మ తనకు రాసిచ్చిన పొలం దగ్గరికొచ్చింది. అక్కడ ముక్క లేదు. శుభ్రంగా 'మురళీమోహన్'. పొల్లుతో సహా లెక్కపెట్టింది. పది.

నూనె డబ్బా కింద పరిచిన పేపరు లాగింది. అంచు మీద అతని రాతలో అతని పేరు, ఒక్కో గుర్తు కింద ఒక్కో అంకె, ఒకటి నుంచి పది వరకు.

తన పుట్టింటి పక్కన, గజపతినగరం దగ్గర ప్లాట్లు వేస్తున్నారని పోయిన నెల అన్నం తింటూ అతను అన్నది ఇప్పుడు వినిపించింది. పిండి మరక గుర్తొచ్చింది. ఆ కాగితం మీద ఏముందో ఆమె చదవలేదు. 'వివరాలు సరిగా ఉన్నవి' అని ఉంటుంది. ఇంకేముంటుంది?

గడువు రేపే.

చుక్కా పదీ చెరిపేసింది. జాబితా మళ్లీ తీస్తే గడులు చెదిరి, వరసలు వంకరపోయి, కాగితం దాటి వచ్చాయి పేర్లు. ఇంట్లో ఉన్న పాత ప్రింటరు కీచుమంటూ ఒక్కొక్క ఆడమనిషినీ బయటికి తెచ్చింది.

గేటు దగ్గర బండి ఆగింది. "ఒసే, మంచినీళ్లట్రా," అని కేక. మరిడమ్మ బెదిరి లేవబోయింది.

"కూకో పిన్నీ. రేపు అభ్యంతరం ఇయ్యడానికి నీతో నానూ వస్తన్నాను."

చెప్పుల చప్పుడు వసారా దాటింది, నడవ దాటింది, వెనకే వచ్చి ఆగింది. ఝాన్సీ తలెత్తలేదు. అభ్యంతరం కాగితం మీద రాస్తూనే ఉంది:

"ఈ పేర్లు కోసింది నేను. కొయ్యమన్నది నా భర్త మురళీమోహన్. పోయిన భూమి, మరిడమ్మది ముప్పై ఆరు సెంట్లు. లక్ష్మణమ్మ కూతురు ఝాన్సీది ఒక ఎకరా ఇరవై ఏడు సెంట్లు."