నీళ్ళకు పనికిరాని వాచీ

నేను ఒక వాచీని. చూసినవాళ్ళు నాజూకైనదాన్ని అంటారు కానీ, ఉన్నమాట చెప్పుకోవాలంటే నేను పిరికిదాన్ని. రూపాయి బిళ్ళలు మూడు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో నేనూ అంతే. బంగారపు ఒళ్ళు, వెంట్రుకల్లాంటి ముళ్ళు, నల్లటి తోలు పట్టీ. నామీద నీళ్ళు పడకూడదు, దుమ్ము పడకూడదు, నేను కింద పడకూడదు. ఇన్ని పడకూడనివి పెట్టుకున్నదానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

మంచు కురిసే దేశంలో ఒక పెద్దావిడ కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి నన్ను కూర్చింది. తుమ్ము వచ్చేలా ఉంటే ఆవిడ లేచి గది బయటికి పరిగెత్తేది. నేను తుమ్ముకు కూడా ఆగలేనిదాన్నని పుట్టిన వారంలోనే నాకు తెలిసిపోయింది.

నా మొదటి యజమాని కాకినాడలో వకీలు, పేరి సోమయాజులు గారు. పొద్దున్నే కాఫీకి ముందు నాకు కీ ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళకూ, పెద్ద కేసులకూ మాత్రమే బయటికి తీసేవాడు. మబ్బు పడితే చాలు, విప్పి లోపలి జేబులో దాచేవాడు. మేమిద్దరం ఒకరికొకరం సరిపోయాం. ఆయన పోయాక కొడుకు నన్ను విశాఖపట్నం తీసుకొచ్చి, జగదాంబ సెంటర్ దగ్గర పాత వాచీలు అమ్మే ఇస్మాయిల్ సాహెబుకు ఇచ్చేశాడు. అక్కడ అద్దాల పెట్టెలో, మెత్తటి గుడ్డమీద, ఏ దేవుడు ఏ చేతికి అప్పగిస్తాడో అని బిక్కుబిక్కుమంటూ మూడేళ్ళు పడుకున్నాను.

ఒకనాటి సాయంత్రం కొట్లోకి భార్యాభర్తలు వచ్చారు. ఆయన కెప్టెన్ మంతెన విజయరామరాజు, ఓడరేవులో పైలట్. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు. పెద్ద ఓడలు బయటి సముద్రంలో ఆగి ఉంటాయి కదా, లాంచీలో వాటి దగ్గరికి వెళ్ళి, పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ఓడను జాగ్రత్తగా రేవులోకి నడిపించుకొచ్చేవాడు. చేతికి ఉక్కు వాచీ ఉంది. వాచీ అనడం మర్యాద కోసం. నా కళ్ళకది గడియ పెట్టిన ఇనప్పెట్టెలా కనిపించింది. సముద్రం అడుగుకు పోయినా దానికేమీ కాదట. ఇరవై రెండేళ్ళుగా స్నానానికి కూడా విప్పలేదట.

"ఇది తీసుకుని సన్నటిది ఏదైనా ఇవ్వండి," అన్నాడు కెప్టెన్, ఉక్కు వాచీని బల్లమీద పెట్టి. విప్పిన చోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది.

సాహెబు నన్ను బయటికి తీసి, ఆ పెద్దమనిషి చేతివంకా నావంకా చూసి నసిగాడు. "సాబ్, ఇది చాలా నాజూకు. నీళ్ళకు అస్సలు పనికిరాదు. చేతులు కడుక్కున్నా తీసి పక్కన పెట్టాలి."

నాలోని లోపం నలుగురిలో చెప్పేశాడని నేను సిగ్గుపడుతూంటే, కెప్టెన్ భార్య సుభద్ర ముఖం విప్పారింది. "అదేనండీ మాకు కావాల్సింది! ఇదే ఇచ్చెయ్యండి," అంది.

నన్ను నీళ్ళకు పనికిరానని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతే. సంగతేమిటంటే, కిందటేడు వానాకాలంలో కెప్టెన్ నిచ్చెన మీద కాలు జారాడు. చేతులతో వేలాడుతూ ఉండగా లాంచీ కెరటంమీద లేచి ఆయన్ను ఓడకేసి కొట్టింది. పక్కటెముకలు రెండు విరిగాయి. మూడు నెలలు మంచంలో ఉన్నాక ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. ఇక జన్మలో నిచ్చెన ఎక్కనని ఆయన భార్యకు మాటిచ్చాడు. ఆవిడ నమ్మలేదు. "సరే, ఈ వాచీ మార్చేస్తాను. అప్పుడు నమ్ముతావా?" అన్నాడట. వాచీ పోయిందంటే సముద్రం పోయినట్టేనని ఆవిడ నమ్మింది. అంటే నేను ఆ ఇంటికి వాచీగా వెళ్ళలేదు, ఒట్టుగా వెళ్ళాను.

పొద్దున్నే సుభద్ర తనే నన్ను ఆయన చేతికి కట్టేది. రెండోరోజు మధ్యాహ్నానికి నేను ఆగిపోయాను. ఉక్కు వాచీ అయితే, చెయ్యి ఊగుతూంటే తనంతట తానే నడిచేదట. నాకు కీ ఇవ్వాలని ఆయనకు తోచలేదు. చెవి దగ్గర పెట్టుకుని విని, బల్లకేసి రెండు దెబ్బలు కొట్టాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసులో ఎవరో గుమాస్తా నవ్వి కీ ఇవ్వడం నేర్పించాడు గనక బతికిపోయాను.

ఆ కుర్చీలో ఆయన కుదురుగా కూర్చోలేకపోయేవాడు. తోటి పైలట్లు ఉప్పునీళ్ళతో తడిసి వచ్చి టీ తాగుతూ, "రాజుగారూ, వాచీతోపాటు గుండె కూడా మార్పించేసుకున్నారేంటి?" అని వేళాకోళం ఆడేవారు. ఆయనా నవ్వేవాడు. నేనున్నది మణికట్టు మీద కదా, నాకు నవ్వుకంటే నాడి గట్టిగా వినపడుతుంది. వాళ్ళు ఆ మాట అన్నప్పుడల్లా నాడి గబగబా కొట్టుకునేది. కోపం కాబోలు అనుకున్నాను. ఇంత పెద్ద మనిషికి మరో కారణం ఉంటుందని నాకెలా తట్టాలి?

ఆషాఢమాసం వచ్చింది. సముద్రం పోటుమీద ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఖనిజం ఎత్తడానికి వచ్చిన ఓడ ఒకటి బయట ఆగి ఉంది. వంతు ప్రకారం వెళ్ళాల్సిన పైలట్‌కు జ్వరం. మరొకరికి కబురు పెడదామని ఎవరో అంటూండగానే, "నేను వెళ్తాలెండి," అన్నాడు కెప్టెన్.

ఎవరూ అడగలేదు. అడగకుండానే అన్నాడు. నా గుండె గుభేలుమంది. నన్ను విప్పి సొరుగులో పెడతాడేమో అని ఆశపడ్డాను. పెట్టలేదు. ఓడను రేవుకు చేర్చి అటునుంచటే ఇంటికి పోవాలి, చేతికి నేను లేకపోతే సుభద్ర గుమ్మంలోనే పసిగట్టేస్తుంది. అందుకని, సముద్రానికి వెళ్ళనని చెప్పడానికి కొన్న వాచీని చేతికి కట్టుకునే ఆయన సముద్రానికి బయల్దేరాడు. మనుషుల తెలివి ఇలా ఉంటుంది.

లాంచీ నడిపే సరంగు మైలపల్లి నూకయ్య. పదిహేనేళ్ళుగా కెప్టెన్‌ను ఓడల దగ్గరికి చేర్చేది అతనే. నన్ను చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఇదేటి బాబూ, పెళ్ళికొడుకు వాచీ ఎట్టుకొచ్చేసినారు? తడిసిపోద్ది, ఇలగియ్యండి, నా కాడ ఉంచుతాను."

"వద్దులే, ఉండనీ," అన్నాడు కెప్టెన్. జేబురుమాలు తీసి నామీద చుట్టాడు. బట్టలో చుట్టిన పసికందులా నేను వణుకుతూ కూర్చున్నాను.

రేవు దాటగానే లాంచీ ఎగిరెగిరి పడడం మొదలెట్టింది. జేబురుమాలు మొదటి కెరటానికే తడిసి, రెండో దానికి ఊడి ఎగిరిపోయింది. ఉప్పునీళ్ళు నా అద్దంమీదినుంచి కారుతున్నాయి. తోలు పట్టీ ఉబ్బింది. నాలోకి ఎక్కడో సన్నటి చలి దిగుతున్నట్టు అనిపించింది. అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు నా భయం చప్పుడు వినడం మానేసి ఆయన నాడి విన్నాను. అది నాకంటే అధ్వాన్నంగా ఉంది.

ఓడ పక్కకు చేరాం. ఎదురుగా తుప్పురంగు గోడ ఆకాశందాకా ఉంది. తాళ్ళ నిచ్చెన దానికి తగిలి టకటక కొట్టుకుంటోంది. లాంచీ కెరటంతోపాటు లేస్తుంది, సరిగ్గా పైకి లేచిన క్షణంలో నిచ్చెన పట్టుకుని కాలు పెట్టాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే లాంచీ కిందికి పోతుంది, మళ్ళీ లేచి కాళ్ళు నలిపేస్తుంది. కిందటేడు జరిగింది అదే.

కెప్టెన్ లాంచీ ముందుభాగంలో నిలబడ్డాడు. ఆయన కుడిచెయ్యి వచ్చి నన్ను తడిమింది. బొటనవేలూ చూపుడువేలూ నా అంచు పట్టుకుని తిప్పబోయాయి. నాకు తిరిగే అంచు లేదు. వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ వచ్చి వెతికాయి, మళ్ళీ జారిపోయాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఉక్కు వాచీకి అద్దం చుట్టూ తిరిగే చక్రం ఉండేది. ఇరవై రెండేళ్ళుగా ఆయన నిచ్చెన అందుకునే ముందు దాన్ని కటకటమని ఒక చుట్టు తిప్పేవాడు. చూసేవాళ్ళు టైము గుర్తు పెట్టుకుంటున్నాడనుకునేవారు. అది టైము కోసం కాదు. వణికే వేళ్ళకు ఒక పని చెప్పడానికి.

ఒక కెరటం పోయింది. రెండోది పోయింది. మూడోది కూడా పోయింది. పైనుంచి ఓడవాళ్ళు తలలు వంచి చూస్తున్నారు. నూకయ్య చుక్కాని వదలకుండా అరిచాడు: "బాబూ! వచ్చీదానికి ఎక్కీయండి!"

అదీ వచ్చింది. లాంచీ లేచింది. నిచ్చెన చేతికందేంత దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. తాడుకూ వేళ్ళకూ మధ్య జానెడు కూడా లేదు. నా కింద నాడి పరిగెత్తి పరిగెత్తి, ఒక్కసారి ఆగి, మళ్ళీ కొట్టుకుంది. చెయ్యి వెనక్కి వచ్చింది. లాంచీ దబ్బున కిందికి పడింది. మోకాళ్ళమీద కూలబడి రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకున్నాడు.

"నూకయ్యా, నాకు భయమేస్తోంది. ఎక్కలేను," అన్నాడు.

నూకయ్య లాంచీని మెల్లగా ఓడకు దూరంగా తిప్పి, "ఎల్లిపోదాం బాబూ. నిచ్చెన సరిగ్గా కట్టనేదని సెప్పీద్దాం. నానూ అదే సెప్తాను, ఎవులడుగుతారు?" అన్నాడు.

కెప్టెన్ తలెత్తి చూశాడు. నిచ్చెన బాగానే ఉంది. ఆ అబద్ధం ఆయన నోటిదాకా రావడం నాడిలో నాకు తెలిసింది. లేచి వెళ్ళి వైర్‌లెస్ అందుకున్నాడు. "పైలట్ ఎక్కలేకపోయాడు. నిచ్చెనలో లోపం లేదు. ఇంకొకరిని పంపండి," అన్నాడు. అవతల ఎవరో ఏదో అడిగారు. "నావల్ల కాలేదు," అని పెట్టేశాడు. రేవు రేవంతా వినే మాట అది. దానికంటే సముద్రంలో దూకడం తేలిక అనుకుంటాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బట్టలు ఆరిపోయాయి. తల దువ్వుకున్నాడు. చెప్పకుండా దాటెయ్యాలంటే దాటెయ్యచ్చు. కానీ నా అద్దం లోపల ఆవిరి పట్టేసింది. అలవాటు ప్రకారం నన్ను విప్పడానికి సుభద్ర ఆయన చెయ్యి పట్టుకుంది. చూసింది. నేను దాక్కోవడానికి చోటు లేదు.

"ఇది తడిసిందేంటండీ?"

ఆవిడ పట్టీకి నాలుక ఆనించి చూసింది. ఉప్పగా తగిలింది. కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఓడ దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను."

"ఎక్కారా?"

"లేదు. ఎక్కలేకపోయాను. భయమేసింది సుభద్రా." ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. "ఇవాళ్టిది కాదు. పడ్డప్పట్నుంచీ కూడా కాదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచీ వేస్తూనే ఉంది. ఎక్కిన ప్రతిసారీ వేసింది."

ఆవిడ తిడుతుందనుకున్నాను. ఒట్టు తప్పినందుకు నన్ను గోడకేసి కొడుతుందనుకున్నాను. ఆవిడ ముందుకు వంగి ఆయన ముఖంలోకి చూసింది.

"ప్రతిసారీనా?" అంది.

"ప్రతిసారీ."

"మీరు లాంచీ ఎక్కినప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదండీ. చెబితే నవ్వుతారని, ధైర్యస్థుడి పెళ్ళాం ఇలాగేనా అంటారని నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఈ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను కదండీ!"

అని భోరున ఏడ్చింది. ఏడుస్తూ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను ఆ రెండు చేతుల మధ్య నలిగిపోయాను. ఎప్పుడూ ఒక్క నాడే విన్నదాన్ని, ఆ పూట రెండు నాడులు విన్నాను. రెండూ దడదడలాడుతున్నాయి, ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాను. అదే నేను విన్న ఆఖరి చప్పుడు అనుకున్నాను కూడా, ఎందుకంటే ఆ తర్వాత కాసేపటికి నాలో చక్రాలు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి.

సాహెబు విప్పి చూసి, ఉప్పు తినేసింది, ఇక నడవదని చెప్పేశాడు. ఇప్పుడు నేను వాళ్ళింట్లో, గుమ్మం పక్కనున్న బల్ల సొరుగులో ఉన్నాను. పట్టీ పెళుసెక్కింది, ముళ్ళు పచ్చబడ్డాయి. ఇక పాడవడానికి ఏమీ మిగల్లేదు గనక జీవితంలో మొదటిసారి నిమ్మళంగా ఉన్నాను.

వాళ్ళిద్దరికీ ఆ నిమ్మళం దొరకలేదు. కెప్టెన్ కొత్త పైలట్లకు పని నేర్పుతున్నాడు. వారానికి రెండుసార్లు భార్యకు చెప్పి మరీ లాంచీలో వెళ్తాడు, నిచ్చెన మాత్రం ముట్టుకోడు. ఆయన వచ్చేదాకా సుభద్ర గేటు దగ్గర నిలబడే ఉంటుంది. సొరుగులో ఉన్నా నాకు మాటలు వినపడతాయి.

"భయమేసిందండీ," అంటుంది ఆవిడ గేటు తీస్తూ.

"నాక్కూడా," అంటాడు ఆయన, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ.