పక్క తలుపు

విదేశాంగ శాఖలో మర్యాదల అధికారికి ఒక పని కళ్లు మూసుకుని చేసేంత అలవాటు. పెద్ద పొరుగు దేశం రాయబారి కారు ఆగగానే, హాలుతో పనిలేకుండా మంత్రిగారి పెద్ద గదిలోకి దారితీసే పక్క తలుపు తీయడం. చిన్న దేశాల రాయబారులు హాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, ఆ రాయబారి మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా నేరుగా ఆ గదిలోకి నడిచేవాడు.

జనం రోడ్డెక్కి పాత అధ్యక్షుణ్ణి సాగనంపాక, నర్సుల సంఘం నాయకురాలు మంత్రి అయింది. ఆ పెద్ద గది తనకి అచ్చిరాదని, కుర్చీని హాలు పక్కనున్న చిన్న గదిలోకి మార్పించుకుంది.

రేవులో ఆ పెద్ద దేశం సైనిక శిబిరానికి గడువు తీరిపోతోంది. పొడిగించమని అడగడానికే ఆ రోజు రాయబారి వస్తున్నాడు. శిబిరం పుణ్యమా అని రేవులో చేపలవేట బందై, అధికారి బావమరిది పడవ ఏళ్ల తరబడి ఒడ్డునే ఎండుతోంది. ఈసారైనా ఆ పీడ వదలాలని అధికారి మనసు కొట్టుకుంటోంది.

మనసు కొట్టుకుంటే ఏం లాభం, చేతులకి తెలియొద్దూ? కారు ఆగింది, చెయ్యి దానంతటదే పక్క తలుపు తీసింది. రాయబారి దర్జాగా వెళ్లి ఖాళీ గదిలో కూర్చున్నాడు. అధికారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పరుగున వెళ్లి మంత్రితో చేసింది చెప్పేశాడు.

ఆమె ఎదుట ఇద్దరు చిన్న పొరుగు దేశాల రాయబారులున్నారు. వాళ్ల రేవుల్లోనూ అవే శిబిరాలు. ఇక్కడి జనాన్ని చూసి అక్కడి వీధులూ వేడెక్కాయి గానీ, ఒంటరిగా కాదనే ధైర్యం ఆ ప్రభుత్వాలకి లేదు.

"కూర్చోనివ్వండి. వీళ్లు ముందొచ్చారు" అంది మంత్రి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద దేశం రాయబారిని కాచుక్కూర్చోబెట్టవచ్చని వాళ్లకి అంతవరకూ తోచనే లేదు. అక్కడి నుంచే తమ రాజధానులకి ఫోన్లు చేశారు. టీ చల్లారేలోపు ముగ్గురిదీ ఒకే మాటయింది. మూడు రేవుల్లో ఎక్కడా గడువు పొడిగించేది లేదు.

అధికారి పెద్ద గదిలోకి వెళ్లేసరికి రాయబారి మొహం కందగడ్డలా ఉంది.

"ఇప్పుడు మీ వంతండీ" అన్నాడు అధికారి. గొంతు వణకనందుకు తనకే గర్వమనిపించింది.

రాయబారి ఎంతోసేపు లోపల ఉండలేదు. ఆయన కారు కదలగానే అధికారి బావమరిదికి ఫోన్ చేసి, పడవ బాగుచేయించుకోమన్నాడు. వాళ్లు నిజంగా పోతారా అని అవతల అనుమానం.

"పోతారు బావమరిదీ. దగ్గరుండి మర్యాదగా సాగనంపేది నేనే."