తిప్పికుట్టిన చొక్కా

చిల్లకల్లులో తిరుపతిరావు పాలేరు ఆశీర్వాదానికి ఏటా జీతంతోపాటు ఒక పాత చొక్కా ముట్టేది. ఊరికే ముట్టేదా? నలుగురూ చేరిన వేళ చూసి తిరుపతిరావు దాన్ని అరుగు మీదనుంచి కిందికి విసిరి, "తొడుక్కోరా, చూద్దాం" అనేవాడు. బెజవాడలో కుట్టించిన చొక్కా. నీలం చారలు అచ్చువేసిన గుడ్డ, వెడల్పాటి కాలరు, రెండు జేబులు. ఆయన భారీ మనిషి, ఇతను ఎండిన కందికట్టె. భుజాలు మోచేతుల మీదికి జారేవి. అయినా ఒక్క కుట్టు మార్చకూడదు. ఎవరు పెట్టిన గుడ్డో ఊరందరికీ కనపడుతూ ఉండాలి. దానం చేసేవాళ్లకు ఆ మాత్రం గిట్టుబాటు లేకపోతే ఎలా?

ఆ ఏడు ఆశీర్వాదం జగ్గయ్యపేట సంతలో పలుపుతాళ్లు బేరమాడుతూ ఉంటే, వెనకనుంచి చొక్కా చూసి ఒక ధాన్యం వ్యాపారి గబుక్కున లేచాడు. "దయచెయ్యండి రావుగారూ" అంటూ పైగుడ్డతో బల్ల కూడా తుడిచాడు. ఆశీర్వాదం ఇటు తిరిగాడు. వ్యాపారి ముఖం మాడిపోయింది.

"నువ్వట్రా. ఆ చొక్కా తగిలించుకుని మనుషుల్ని బురిడీ కొట్టిస్తన్నావా?"

సంతంతా నవ్వింది. లేచినవాడిది కాదట తప్పు, లేపినవాడిదట.

ఆశీర్వాదం ఇంటికొచ్చి చొక్కా విప్పి గోడకేసి కొట్టాడు. భార్య లూర్దమ్మ దాన్ని తీసి, దులిపి, అటూ ఇటూ తిప్పి చూసింది. పెళ్లికి ముందు ఆమె కన్యస్త్రీల దగ్గర కుట్టుపని నేర్చుకుంది.

"లోపలివైపు గుడ్డ ఇంకా కొత్తగానే ఉంది. చారలు కూడా ఇటు పడలా. తిప్పికుడితే కుట్టిన దర్జీ కూడా పోల్చలేడు," అంది. "మిషను కొందాం."

"మనకు మిషనేంటే. జనం నవ్వుతారు."

"ఇప్పుడేమన్నా ఏడుస్తన్నారా?"

ఉన్న మేకల్ని అమ్మి నందిగామ బస్సెక్కారు. అక్కడ నన్నే సాహెబ్ అనే ముసలి దర్జీ, చూపు ఆనక తన చేతిమిషను అమ్మకానికి పెట్టాడు.

"ఏం కుడతావమ్మా?" అని అడిగాడు.

"పాతగుడ్డలు, సాయిబుగారూ. ఒకళ్లవి ఇంకొకళ్లవి అయ్యేట్టు."

"కొత్తదైతే కుట్టటం వస్తే చాలు. పాతదానికి ముందు ఇప్పటం రావాలి. ఇప్పేటప్పుడు తొందరపడమాక," అని పిడిమీదనుంచి చెయ్యి తీశాడు సాహెబ్.

లూర్దమ్మ తొందరపడలేదు. చొక్కా కుట్లన్నీ విప్పి, లోపలివైపు పైకి తెచ్చి, ఆశీర్వాదం ఒంటికి సరిపడా కత్తిరించి కుట్టింది. కాలరు పోయింది. జేబులు పోయాయి. మిగిలిన గుడ్డలో కూతురికి రవిక వచ్చింది. అది చూసి గూడెంలో ఆడవాళ్లు తమ మగవాళ్లకు ఎవరెవరో పడేసిన చొక్కాలు పట్టుకొచ్చారు. పొద్దున్నే నాగలి పట్టిన చేత్తో సాయంత్రం ఆశీర్వాదం మిషను చక్రం తిప్పేవాడు.

ఒకరోజు పొలంలో తిరుపతిరావు అతన్ని ఎగాదిగా చూశాడు.

"నేనిచ్చిన చొక్కా ఏదిరా?"

"ఇదేనండి."

"ఇదా?" ఆయనకు అర్థం కావటానికి కాస్త సేపు పట్టింది. "ఎవడు కొయ్యమన్నాడు? నేనిచ్చింది ఇచ్చినట్టు తొడుక్కోవాలి. ఆ మిషను అమ్మేసి, నా చొక్కా నాకు తెచ్చియ్యి. లేకపోతే రేపట్నించి పనిలోకి రామాక."

ఏడాది తిండిగింజలు ఆ పనిలోనే ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆశీర్వాదం వెళ్లలేదు. ఎండెక్కేసరికి తిరుపతిరావే చేతికర్ర పట్టుకుని గూడెంలోకొచ్చాడు. ఆయన అక్కడ అడుగుపెట్టింది అదే మొదలు. ఓట్లప్పుడు కూడా మనిషిని పంపేవాడు. గుడిసె ముందు తాడు మీద తిప్పికుట్టి ఉతికిన చొక్కాలు వరసగా ఆరుతున్నాయి. ఆశీర్వాదం ఒంటిమీద చొక్కా లేకుండా మిషను ముందు కూర్చుని ఉన్నాడు.

"నా చొక్కా ఏది?"

"తాడుమీదే ఉందండి," అంది లూర్దమ్మ. "మీదేదో మీరే చూసి తీసుకెళ్లండి."

తిరుపతిరావు తాడు ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. గూడెమంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తోంది. చివరికి ఒకదాన్ని కర్రతో పొడిచి, "ఇదే" అన్నాడు.

"అది కరణంగారిదండి."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కర్ర దించాడు.

"ఇక నా ఇంట్లోంచి మీకు పీలిక కూడా రాదు."

"మంచిదండి," అన్నాడు ఆశీర్వాదం.

"పనీ లేదు. గింజలూ లేవు. ఏం తింటావో చూస్తా."

"చూడండి."

అననైతే అన్నాడు. ఇంట్లో గింజలు ఎన్నాళ్లొస్తాయో తెలియదు. కూలికి ఏ ఊరు పోవాలో తెలియదు. లూర్దమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే సూది కింద గుడ్డ సర్ది ఎదురుచూస్తోంది.

చక్రం తిప్పాడు. తిరుపతిరావు నిలబడే ఇంకేదో అన్నాడు. మిషను చప్పుడులో వినపడలేదు. ఆశీర్వాదం చక్రం ఆపి అడగనూ లేదు.